చివరి చక్రం చేరాకే గడియారం

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సముద్రానికి దగ్గరగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి. దాదాపు 390 కిలోమీటర్లు. దారిలో గోదావరి పాయలు, ఉప్పుటేరు, కృష్ణ. ఇరవై మంది సైకిళ్ల మీద నాలుగు రోజుల్లో ఈ దారి దాటాలంటే ఎవరో ఒకరు ముందుండి తీసుకెళ్లాలి. ఆ మనిషి చేసే పనేమిటి?

ఇరవై మంది సైకిలిస్టులు టీ కొట్టు దగ్గర ఆగే తీరు గమనించండి. ముందొచ్చినవాళ్లు సైకిళ్లు చెట్టుకు ఆనించి, టీ తాగి, ఫొటోలు దిగి, పదిహేను నిమిషాలయ్యేసరికి మళ్లీ హెల్మెట్లు బిగించుకుంటుంటారు. సరిగ్గా అప్పుడు వస్తాడు ఆఖరి మనిషి. అందరికంటే ఎక్కువ అలసింది అతనే. విశ్రాంతి ఎక్కువ కావాల్సిందీ అతనికే. అయినా అందరూ లేచి నిలబడ్డారు కాబట్టి రెండు గుక్కల నీళ్లు తాగి, 'నేను రెడీ' అంటాడు. రోజుకు ఆరుసార్లు ఇలా జరిగితే సాయంత్రానికి గట్టివాళ్లకు గంటన్నర విశ్రాంతి దొరుకుతుంది. అతనికి అసలు దొరకదు. మూడో రోజు మధ్యాహ్నం అతను రోడ్డు పక్కన కూలబడితే అందరూ అతని సత్తువ సరిపోలేదంటారు. సరిపోనిది సత్తువ కాదు, ఆగిన సమయం.

అందుకే సైకిలు బృందాలను తీసుకెళ్లేటప్పుడు నేను మొదట చెప్పే నియమం ఇది: ఎక్కడ ఆగినా గడియారం మొదలయ్యేది చివరి చక్రం వచ్చి ఆగాకే. పదిహేను నిమిషాలంటే చివరి మనిషికి పదిహేను నిమిషాలు. ముందొచ్చినవాళ్లకు అరగంట దొరికితే దొరకనివ్వండి. మొదటి రోజు గట్టివాళ్లు దీనికి విసుక్కుంటారు. రెండో రోజుకు వాళ్లే వేగం తగ్గించుకుంటారు, ముందెళ్లి చేసేదేమీ లేదని తెలుస్తుంది కనుక.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. రోజుకు 110 కిలోమీటర్లు అనుకుందాం. ఇరవై ఏళ్ల కుర్రాళ్లూ అరవై దాటిన రిటైర్డ్ ఉద్యోగులూ కలిసిన బృందం చదును రోడ్డు మీద గంటకు 18 కిలోమీటర్లు తొక్కుతుంది. అంటే తొక్కేది ఆరు గంటల పైచిలుకు. పొద్దున్న ఆరున్నరకు బయల్దేరి సాయంత్రం నాలుగున్నరకు చేరారంటే మొత్తం పది గంటలు. మిగిలిన నాలుగు గంటలూ ఆగిన సమయమే. వేగాన్ని 18 నుంచి 20కి పెంచితే మిగిలేది ముప్పావు గంట కూడా ఉండదు, పైగా ఆ వేగం ఐదారుగురిని నలిపేస్తుంది. ఆగే సమయాన్ని సరిచేస్తే గంట మిగులుతుంది, ఎవరి మోకాలూ నొయ్యదు. నడిపేవాళ్ల చేతిలో నిజంగా ఉన్నది ఆ నాలుగు గంటలే.

కెప్టెన్ వెనకాల

ముందొకరు, వెనక అందరూ అన్న పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1897లో ఇటలీ సైక్లిస్టులు కొందరు రోమ్ నుంచి నేపుల్స్ దాకా 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో తొక్కారు. అక్కడ పుట్టిన ఈ ఆడాక్స్ సరదాను 1904లో ఫ్రాన్సుకు తెచ్చింది అన్రీ దెగ్రాంజ్, అంతకు ముందు ఏడాదే టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు. ఆయన పెట్టిన పద్ధతిలో పందెం లేదు. బృందం ముందు రోడ్ కెప్టెన్ ఉంటాడు, అతన్ని దాటి ఎవరూ వెళ్లకూడదు, ముందే చెప్పిన వేగంతో అందరూ కలిసి చేరాలి. 1921లో చీలిక వచ్చింది. ఎవరి వేగం వారిదే అన్నవాళ్లు ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌లో మిగిలారు. కలిసే వెళ్లాలన్నవాళ్లు వేరే సంఘం పెట్టుకున్నారు.

మన దగ్గర ఎక్కువమందికి తెలిసింది మొదటి దారే. హైదరాబాద్ రాండనర్స్ లాంటి క్లబ్బులు నడిపే బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన సుదూర రైడ్లు, ఆ పారిస్ క్లబ్బు నియమాల కిందే జరుగుతాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తి చేయాలి. మధ్యలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. నాకు బ్రెవేలంటే గౌరవం. రాత్రంతా ఒంటరిగా తొక్కి తెల్లవారి ఇల్లు చేరిన మనిషికి తన మీద తనకు కలిగే నమ్మకం చిన్నది కాదు. కానీ అక్కడ నేర్చుకున్నది టూరుకు సగమే పనికొస్తుంది. బ్రెవేలో మన శరీరం సంగతి మనం చూసుకుంటే చాలు. టూరులో పక్కవాడి శరీరం సంగతీ చూడాలి, అతను చెప్పకపోయినా.

గాలి ఎటు, సంక్రాంతి ఎప్పుడు

ఈ దారిలో కొండలు లేవు. అందుకే కొత్తవాళ్లు సులువనుకుంటారు. ఇక్కడ కొండ పని గాలి చేస్తుంది. కత్తిపూడి నుంచి ఒంగోలుకు దారి మొత్తం మీద నైరుతి దిక్కుగా సాగుతుంది. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలి వీపు మీద చెయ్యేసి నెడుతుంది. అదే దారిని మే, జూన్‌లలో పెట్టుకుంటే గాలి ఎదురొచ్చి 18 కిలోమీటర్ల బృందం 12కు దిగిపోతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. కాబట్టి చేతిలో ఉన్నది శీతాకాలమే, అందులోనూ సంక్రాంతి వారం వద్దు. పండక్కి కోనసీమ వచ్చే కార్లతో రోడ్లు నిండిపోతాయి. లాడ్జీలో ఒక్క గది దొరకదు.

శీతాకాలానికి రెండు చిక్కులున్నాయి. పొద్దున్నే పొగమంచు. చీకట్లో బయల్దేరి ముందే చేరిపోదామని ఎవరెంత చెప్పినా వినకూడదు. ఎదుటి లారీ స్పష్టంగా కనబడేదాకా కదలకూడదు. రెండోది కోతల తర్వాత రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. వడ్ల కుప్ప చుట్టూ రైతులు రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తాక ఒకటో రెండో రాళ్లు అక్కడే ఉండిపోతాయి. వాటితో పాటు గడ్డి. ఒక్క గడ్డి పరక చాలు, గేరు పళ్లలోకి చుట్టుకుని వెనక గేరును విరిచేయడానికి. వడ్ల మీదుగా సైకిలు పోనివ్వద్దని మొదటి రోజే గట్టిగా చెబుతాను. అవి ఒకరి ఏడాది కష్టం.

మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. అది ఎడమ పక్క నుంచి అడ్డంగా కొడుతుంది. ముందువాడి వెనక దాక్కుంటే ఎదురుగాలి తగ్గుతుందని సైకిలు తొక్కేవాళ్లందరికీ తెలుసు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ నీడ నాలుగోవంతు శ్రమను తగ్గిస్తుంది. అడ్డగాలికి మాత్రం నీడ నేరుగా వెనక ఉండదు, ఏటవాలుగా పక్కకు జరుగుతుంది. యూరప్ పందేల్లో సైకిళ్లు రోడ్డుకు అడ్డంగా మెట్లలా పరుచుకునేది అందుకే. రొయ్యల లారీలు తిరిగే రెండు వరుసల రోడ్డు మీద అది చేయడమంటే ప్రాణాలతో ఆట. ఇక్కడ మార్గం ఒక్కటే, వేగం తగ్గించడం. అంతకంటే మంచిది ఆ రోజు దూరంలో మూడొంతుల్లో రెండు వంతులు పన్నెండులోపే తొక్కేయడం.

మలుపు దగ్గర మనిషి

ఇరవై మందిని ఒకే వరుసలో నడిపితే లారీ డ్రైవరు దాటలేడు. హారన్ కొడతాడు, విసిగి మధ్యలో దూరుతాడు. అందుకని ఏడెనిమిది మందికో గుంపు, గుంపుకూ గుంపుకూ మధ్య రెండు మూడు వందల మీటర్ల ఎడం. లారీ ఒక గుంపును దాటి, ఎడమకు సర్దుకుని, ఎదుటి బండిని పోనిచ్చి, రెండో గుంపును దాటగలగాలి. మనం లారీకి దారిస్తే లారీ మనకు దారిస్తుంది.

గుంపుల మధ్య ఎడం పెరిగాక దారి తప్పేవాళ్లు తప్పరా? దానికి పాత ఉపాయం ఒకటుంది, ఫోనులో మ్యాపులు వచ్చాక కూడా దాన్ని మించింది నాకు కనబడలేదు. మలుపు రాగానే లీడర్ వెనకున్న మొదటి మనిషి అక్కడ ఆగిపోతాడు. వచ్చేవాళ్లందరికీ దారి చూపిస్తాడు. ఆఖర్న స్వీప్ వచ్చాక అతనితో కలిసి బయల్దేరతాడు. తర్వాతి మలుపుకు మరొకరు. ఇలా రోజంతా మనుషులు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు మారుతుంటారు. గట్టివాళ్లకు పని దొరుకుతుంది, వెనకవాళ్లతో మాటా కలుస్తుంది.

స్వీప్ అంటే అందరి వెనక కాపు కాస్తూ వచ్చే మనిషి. బృందంలో అందరికంటే అనుభవం ఉన్నవాళ్లకే ఆ స్థానం ఇవ్వాలి. లీడర్ కంటే కూడా. పంపు, ట్యూబులు, చైను లింకులు, మందుల పెట్టె ఉండేది స్వీప్ దగ్గరే. పంక్చర్లు ఈ రోడ్డులో ఎక్కువగా వచ్చేది మేకుల వల్ల కాదు. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే సన్నని ఉక్కు తీగ ముక్కల వల్ల. ఊళ్ల దగ్గర మట్టి పక్కకు దిగితే పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో తుడిచి చూడాలి. తీగ గుడ్డకు తగులుకుంటుంది. అది తియ్యకుండా ట్యూబు మారిస్తే రెండు కిలోమీటర్లలో మళ్లీ గాలి పోతుంది, ఇరవై మందికీ ఇంకో ఇరవై నిమిషాలు.

సామాన్ల వ్యాన్ ఉంటే దాన్ని బృందం వెనక నడపనివ్వను. వెనక మెల్లగా వచ్చే వ్యాన్ ట్రాఫిక్‌ను ఆపేస్తుంది, తోసుకొచ్చే బండ్లన్నీ సైకిళ్ల మీదికే వస్తాయి. అది ఇరవై కిలోమీటర్లు ముందెళ్లి పెట్రోల్ బంకులో నిలబడాలి. బంకు ఎందుకంటే అక్కడ టాయిలెట్ ఉంటుంది. మజిలీల పట్టీ రాసుకునేటప్పుడు నేను ముందు గుర్తు పెట్టుకునేవి హోటళ్లు కాదు, వాడదగిన టాయిలెట్లున్న బంకులు. ఆడవాళ్లు సైకిలు టూర్లకు రాకపోవడానికి భయం కారణమని చాలామంది అనుకుంటారు. నాతో వచ్చినవాళ్లు చెప్పింది వేరు. దారిలో టాయిలెట్ ఎక్కడుందో తెలియక పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తామని చెప్పారు. నీళ్లు తాగని మనిషి ఎండలో ఎంతసేపు తొక్కగలదు? ముప్పై కిలోమీటర్లకో బంకు పట్టీలో ఉందని ముందు రోజు రాత్రే చెబితే ఆ సమస్య సగం తీరుతుంది.

వంతెన దాటాక

కాకినాడ దాటి యానాం చేరేసరికి గౌతమి ఎదురవుతుంది. యానాం నుంచి ఎదుర్లంక వంతెన ఎక్కితే కోనసీమ. అమలాపురం దాటాక బోడసకుర్రు దగ్గర వైనతేయ, రాజోలు దాటాక చించినాడ దగ్గర వశిష్ఠ. ఈ వంతెనలు లేని రోజుల్లో పంటు మీదో పడవ మీదో దాటేవాళ్లు. ఇప్పుడు మూడు పాయలూ సైకిలు మీద దాటేస్తాం.

వంతెన మీద అందరికీ ఆగాలనిపిస్తుంది. అంత నీరు, అంత ఆకాశం. కానీ ఆగకూడదు. గాలి బలం అక్కడే ఎక్కువ, పక్కకు తప్పుకునే చోటు తక్కువ, వంతెన అతుకుల్లో సన్నని టైరు ఇరుక్కుంటుంది. అందుకని వంతెన దాటాక నీడ చూసి పావుగంట ఆగుతాం. ఫొటో కావాల్సినవాళ్లు సైకిలు అక్కడే ఉంచి నడిచి వెనక్కి వెళ్లొస్తారు. ఆ పావుగంట లెక్కలో లేకపోతే జనం వంతెన మీదే ఆగిపోతారు. కోరికను అడ్డుకోలేం, దానికో చోటు చూపించాలి.

కోనసీమలో కొబ్బరి నీళ్లకు కొదవ లేదు. అయితే చెమటలో నీటితో పాటు పోయేది ప్రధానంగా ఉప్పు. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. మూడు బోండాలు తాగి కూడా కాళ్లు పట్టేసినవాళ్లను చూశాను. ఉప్పేసిన మజ్జిగ, లేదా లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ తోడుండాలి. ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. తిండి సంగతికొస్తే, ఆకలయ్యేదాకా ఆగకూడదు. ముప్పావు గంటకోసారి అరటిపండో పల్లీ పట్టీయో నోట్లో పడాలి.

పెద్ద టిఫిను మాత్రం కూర్చుని తినాల్సిందే. పల్లెటూరి హోటల్లోకి ఇరవై మంది ఒక్కసారిగా వెళితే ఒక్క పెనం మీద అట్లు అందరికీ అందేసరికి గంట దాటుతుంది. అరగంట ముందే ఇద్దరు గట్టివాళ్లను పంపి చెప్పించాలి. ఆ అరగంటలో ఊరివాళ్లతో మాటలు కలుస్తాయి. అమలాపురం దగ్గర ఒక హోటలాయన అట్టు తిరగేస్తూ అడిగాడు.

"ఎక్కడిదాకా అండి?"

"ఒంగోలండి."

"సైకిళ్ల మీదేనా అండి? ఎవరన్నా డబ్బులిస్తారా అండి దీనికి?"

"లేదండి. మా డబ్బులు మేమే పెట్టుకుంటాం."

"ఆయ్!" అని కాసేపు మమ్మల్నందరినీ చూసి, అడక్కుండానే ఇంకో పెసరట్టు వేశాడు.

మాట తగ్గిన మనిషి

అలసిపోయానని చెప్పేవాళ్లతో ఇబ్బంది లేదు. చెప్పనివాళ్ల కోసమే లీడర్ కళ్లు తెరుచుకుని ఉండాలి. గుర్తులు ఉంటాయి. పొద్దుట్నుంచి మాట్లాడుతున్న మనిషి మాట ఆపేస్తాడు. సీసాలో నీటి మట్టం గంట నుంచి కదలదు. తొక్కుతుంటే భుజాలు అటూ ఇటూ ఊగుతాయి. ముందువాడికీ తనకూ మధ్య ఎడం పెరగనిచ్చి, ఉలిక్కిపడి బలంగా తొక్కి కలుస్తాడు, మళ్లీ వెనకబడతాడు. ఈ సాగుడూ కలవడమూ మామూలు తొక్కుడు కంటే ఎక్కువ శక్తిని తినేస్తుంది. అతన్ని తీసుకొచ్చి లీడర్ వెనకే పెట్టాలి. అక్కడ గాలి తగలదు, వేగం ఎగుడుదిగుడు కాదు. వేగం అతని ఊపిరిని బట్టి సర్దుకోవచ్చు.

అది సరిపోకపోతే ఆగాలి. ఎలా ఆగుతామన్నదే ముఖ్యం. "సార్‌కి బాగోలేదు, ఆగుదాం" అంటే ఆ మనిషి ఇంకెప్పుడూ టూరుకు రాడు. "నాకు టీ తాగాలనుంది" అంటాను. నిజానికి లీడర్‌కు ఎప్పుడు టీ తాగాలనిపిస్తుందో పాత సభ్యులకు తెలుసు. వాళ్లు నోరు మెదపరు. టీ తాగుతూ అతని పక్కన కూర్చుని ఉప్పు బిస్కెట్లు పెడతాను. తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లను 'అలసిపోయారా' అని నలుగురిలో అడగం. ఆ మర్యాద రోడ్డు మీద ఎందుకు పోవాలి?

వ్యాన్ ఎక్కడం గురించీ అంతే. ఎక్కితే ఓడిపోయినట్టని ఎవరో ఎప్పుడో నూరిపోశారు. అందుకే రోజుకో ఇద్దరు, గట్టివాళ్లు కూడా, వంతుల వారీగా ఒక పూట వ్యాన్‌లో వెళ్లి టిఫిన్లు, గదులు చూసుకోవాలి. అలా చేస్తే నిజంగా అవసరమైన రోజు ఎవరైనా సిగ్గుపడకుండా ఎక్కుతారు. ఛాతీలో బరువు, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే మాత్రం మొహమాటాలు లేవు. నీడకు చేర్చి 108కి ఫోన్ చేయాలి. ఆ నిర్ణయం లీడర్‌దే, ఓట్లు వేయించాల్సింది కాదు.

చెరువుల మధ్య

నరసాపురం దాటాక దారి మారిపోతుంది. కొబ్బరి నీడ పోయి రొయ్యల చెరువులు, చేపల చెరువులు మొదలవుతాయి. తిరిగే ఏరేటర్ చక్రాలు, ఐసు లారీలు. లారీల నుంచి కారిన నీళ్లతో రోడ్డు అక్కడక్కడా జారుతుంది. వెనక చక్రానికి ముందు చక్రం ఆనేంత దగ్గరగా వెళ్లేవాళ్లను ఇక్కడ విడదీయాలి, ఎందుకంటే ముందువాడి వెనక చక్రానికి మన ముందు చక్రం తగిలితే పడేది మనమే, మన వెనకవాళ్లూ మన మీదే పడతారు. ఉప్పుటేరు దాటి మచిలీపట్నం చేరేదాకా టీ కొట్లు పలచన. ఈ ముక్కకు సీసాలన్నీ నింపుకునే దిగాలి. నాలుగు రోజుల్లో మనసుకు కష్టమైన భాగం ఇదే. కాళ్లకు కాదు. ఏమీ మారని దృశ్యం, పక్క నుంచి గాలి. పాటలు బాగా పాడేవాళ్లెవరో ముందే తెలుసుకుని మూడు గుంపుల్లోనూ ఒక్కొక్కరిని పెడతాను.

మచిలీపట్నంలో రాత్రి. మర్నాడు చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ. అక్కడ కృష్ణ మీద పెనుమూడి వంతెన. ఈ ప్రాంతం దివిసీమ. 1977 నవంబరు 19న తుపానులో సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన చోటు. వేలమంది పోయారు. ఆనాడు చెట్టు కొమ్మ పట్టుకుని బతికినవాళ్లు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. ఇక్కడ మేం ఎక్కువసేపు ఆగుతాం. తీరం వెంట గాలి గురించి రెండు రోజులుగా ఫిర్యాదు చేస్తున్న కుర్రాళ్లు ఊరి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వింటారు. ఈ ఆగడానికి నేను టైమ్ పెట్టను.

రేపల్లె, బాపట్ల. ఆఖరి రోజు బాపట్ల నుంచి చీరాల మీదుగా ఒంగోలు, నాలుగు రోజుల్లోకీ తక్కువ దూరం. ప్రమాదాలకు ఎక్కువ వీలున్న రోజు కూడా ఇదే. చేరిపోయామన్న ఉత్సాహంలో జనం పరుగు పెడతారు, సిగ్నళ్లు మరిచిపోతారు, నీళ్లు తాగరు. అందుకే ఆఖరి రోజు మధ్యలో వేటపాలెంలో ఒక పెద్ద మజిలీ పెట్టుకున్నాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. పాత పత్రికల సంచికలు అక్కడ భద్రంగా ఉన్నాయి. సైకిలు బట్టల్లోనే లోపలికెళ్లి ఒక గంట గడిపి, బయట వేటపాలెం జీడిపప్పు కొనుక్కుని మళ్లీ ఎక్కేసరికి పరుగు ఉత్సాహం తగ్గి తొక్కుడు దారిలో పడుతుంది.

ఒంగోలులో అందరూ కలిసి ఫొటో దిగాక కూడా లీడర్ పని అయిపోదు. రైల్లో వెళ్లే సైకిళ్లను పార్శిల్ ఆఫీసులో బుక్ చేయాలి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గేరు వైపు అట్టముక్క కట్టి, పేరూ ఫోను నంబరూ ఊరూ రాసిన చీటీ రెండు చోట్ల కట్టాలి. రైలు ఇక్కడ ఆగేది కొద్ది నిమిషాలే కనుక రెండు గంటల ముందే స్టేషన్‌కు చేరాలి. రాత్రి బస్సుకు వెళ్లేవాళ్లు వేరు, మర్నాడు కారులో వెళ్లేవాళ్లు వేరు. ఇంటికి చేరామని ఇరవై మందీ మెసేజ్ పెట్టేదాకా నా చిట్టాలో వాళ్ల పేర్ల ఎదుట టిక్కు పడదు. ఆఖరి టిక్కు సాధారణంగా మర్నాడు మధ్యాహ్నం పడుతుంది. ఆ తర్వాత వచ్చే ఏడాది తేదీలు చూడటం మొదలుపెడతాను, సంక్రాంతి ఏ వారంలో వస్తుందో క్యాలెండర్‌లో ముందు చూసుకుని.